ఫోమ్ కోర్ పికిల్‌బాల్ ప్యాడిల్ ఇంకా బాగుందా? ఇంట్లోనే చెక్ చేసుకోవడం ఎలా

‘ఫోమ్ కోర్ ప్యాడిల్ కొన్నాను, ఎన్నాళ్లు వస్తుంది?’ ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: ‘నాలుగు నెలలైంది, షాట్‌లో ఏదో తేడా తెలుస్తోంది. తప్పు ప్యాడిల్‌దా, నాదా?’

పికిల్‌బాల్ అంటే చిన్న కోర్టులో నెట్‌కు అటూ ఇటూ ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట, ప్యాడిల్ అంటే అందులో వాడే బ్యాట్, కోర్ అంటే దాని లోపలి భాగం. మొదటి ప్రశ్నకు నెలల్లో జవాబు చెప్పలేం. వారానికి రెండు గంటలు ఆడేవాళ్లను, రోజూ మూడు గంటలు గట్టిగా డ్రైవ్‌లు కొట్టేవాళ్లను ఒకే లెక్కలో వేయలేం కదా. రెండో ప్రశ్నకు మాత్రం ఇంట్లోనే జవాబు దొరుకుతుంది. కాకపోతే ప్యాడిల్ కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మీ దగ్గర రాసి ఉండాలి. ఆ రికార్డు లేకుండా ఎంత తట్టినా, ఎంత నొక్కినా మిగిలేది అనుమానమే. కొత్త ప్యాడిల్ ఇంటికి వచ్చిన రోజే ఈ పని మొదలుపెట్టండి. ఇప్పటికే పాతబడి ఉంటే అందుకు వేరే దారి ఉంది, 2వ మెట్టులో చెప్తాను.

అవసరమైనంత వరకే థియరీ

1965లో ఈ ఆట మొదలైనప్పుడు ప్యాడిల్స్ చెక్కవి. 1984లో బోయింగ్‌లో ఇంజనీరుగా పనిచేసిన ఆర్లెన్ పరాంటో, విమానాల్లో వాడే హనీకోంబ్ పలకలతో మొదటి కాంపోజిట్ ప్యాడిల్ చేశాడు. ఆ తర్వాత చాలాకాలం పాలీప్రొపిలీన్ హనీకోంబ్ కోర్‌దే రాజ్యం. రెండు పలచటి ఫేస్‌ల (బంతి తగిలే పై పొరల) మధ్య తేనెపట్టు గదుల్లాంటి ప్లాస్టిక్ గోడలు నిలబడి ఉంటాయి. బంతి దెబ్బ మీద దెబ్బ పడేకొద్దీ ఆ గోడలు వంగి, మడతపడి, కూలిపోతాయి. దీన్నే కోర్ క్రష్ అంటారు. అక్కడ ఫేస్‌కు కింద ఆధారం పోతుంది. అప్పుడు ప్యాడిల్ ట్రాంపోలిన్‌లా బంతిని విసరడమో, ఆ చోట డెడ్ స్పాట్ (బంతి సరిగా ఎగరని చోటు) రావడమో జరుగుతుంది.

పూర్తి ఫోమ్ కోర్‌లో కూలడానికి ఆ గోడలే లేవు. చాలా మోడళ్లలో మధ్యలో ఈపీపీ అనే ఫోమ్, దాని చుట్టూ ఈవీఏ పట్టీ ఉంటాయి. ఈపీపీని కార్ల బంపర్ల లోపల కూడా వాడతారు, నొక్కి వదిలితే తిరిగి లేస్తుంది. ఈవీఏ స్పోర్ట్స్ షూల అడుగున ఉండే మెత్తటి పదార్థం.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫోమ్ వల్ల తీరేది గోడలు కూలే సమస్య ఒక్కటే. ఫేస్‌కూ ఫోమ్‌కూ మధ్య ఉన్న జిగురు ఊడవచ్చు, అదే డీలామినేషన్. మధ్య ఫోమ్‌కూ చుట్టూ ఉన్న పట్టీకీ మధ్య అతుకు విడిపోవచ్చు. హ్యాండిల్ మొదట్లో పగులు రావచ్చు. ఇవేవీ జరగకపోయినా ఫేస్ మీది గరుకుదనం, అంటే గ్రిట్, ఆడేకొద్దీ అరుగుతూనే ఉంటుంది. నా అనుభవంలో ఫోమ్ ప్యాడిల్‌కు ముందుగా వయసు పైబడేది ఫేస్‌కే, కోర్‌కు కాదు.

కావాల్సినవి

- 1 గ్రాము తేడా చూపించే వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు
- సౌండ్ రికార్డింగ్, స్లో మోషన్ వీడియో వచ్చే ఫోన్
- స్టీలు స్కేలు, చిన్న టార్చ్
- ఒక నాణెం
- ఒక కొత్త బంతి (దీన్ని ఆటలో వాడొద్దు, పరీక్షకే ఉంచండి)
- కార్బన్ ఫేస్ శుభ్రం చేసే రబ్బరు దిమ్మ, మెత్తటి గుడ్డ
- నోట్‌బుక్

వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

1. మీది నిజంగా ఫోమ్ కోరేనా, ముందు తేల్చుకోండి

పెట్టె మీద ‘ఫోమ్’ అనే మాట కనబడగానే పూర్తి ఫోమ్ అనుకోవద్దు. హనీకోంబ్ కోర్‌కు అంచుల్లో మాత్రమే ఫోమ్ నింపినవి ఉన్నాయి. మధ్యలో హనీకోంబ్ ఉంచి చుట్టూ ఫోమ్ పట్టీ పెట్టినవి ఉన్నాయి. మధ్యలో కూడా ఫోమే ఉన్నవి ఇంకో రకం. మొదటి రెండు రకాలకూ కోర్ క్రష్ ప్రమాదం అలాగే ఉంటుంది, మూడోదానికి ఉండదు. తయారీదారు ఇచ్చిన వివరాల్లో ‘కోర్’ అనే వరుసలో ఏం రాశారో చూడండి. అక్కడ ‘పాలీప్రొపిలీన్ హనీకోంబ్’ అని ఉంటే, అంచుల్లో ఎంత ఫోమ్ ఉన్నా అది హనీకోంబ్ ప్యాడిలే. ‘పాలీప్రొపిలీన్’ అనే మాట రెండు చోట్లా వస్తుంది. ఈపీపీ కూడా ఉబ్బించిన పాలీప్రొపిలీనే. కాబట్టి ‘హనీకోంబ్’ అని ఉందా, ‘ఫోమ్’ అని ఉందా అన్నదే చూడండి.

హెచ్చరిక: లోపల ఏముందో చూద్దామని అంచున కోసినా, సూదితో గుచ్చినా వారంటీ పోతుంది, ప్యాడిల్ కూడా పోతుంది.

2. రికార్డు రాసుకోండి, అది కూడా రెండుసార్లు

కొత్త ప్యాడిల్‌ను ఓవర్‌గ్రిప్ (గ్రిప్ మీద అదనంగా చుట్టే పట్టీ) చుట్టకముందే తూచి బరువు రాసుకోండి. రెండు ఫేస్‌లకూ ఫోటో తీయండి. లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు ఫేస్‌కు ఆనినట్టు పడాలి. అప్పుడే గరుకుదనం, గుంటలు ఫోటోలో తెలుస్తాయి. తర్వాత 3, 4, 6వ మెట్లలో చెప్పే పరీక్షలు చేసి, ఆ ఫలితాలను తేదీ వేసి దాచండి.

రెండోసారి ఎందుకంటే, చాలా ఫోమ్ ప్యాడిల్స్ మొదటి కొన్ని గంటల ఆటలో కాస్త సడలుతాయి. కొత్తలో బిగుసుకున్నట్టు ఉండి తర్వాత బంతి కొంచెం బాగా ఎగరడం మొదలవుతుంది. అది పాడవడం కాదు, కుదురుకోవడం. దాదాపు పది గంటలు ఆడాక మళ్లీ అన్నీ కొలిచి రాసుకోండి. ఇక ముందు పోల్చుకోవాల్సింది ఈ రెండో రికార్డుతోనే.

ఇప్పటికే పాతబడిన ప్యాడిల్ ఉన్నవాళ్లు ఇలా చేయండి. ప్యాడిల్‌లో కుడి సగానికి ఎడమ సగం, ముందు ఫేస్‌కు వెనక ఫేస్ కొలబద్దలు. ఒకే దెబ్బలు నాలుగు చోట్లా సమానంగా పడవు కాబట్టి, పాడైతే ఎక్కడో తేడా బయటపడుతుంది. మొదటి రోజు రికార్డుకు ఇది సాటి రాదు కానీ, ఏమీ లేనిదానికంటే ఎంతో నయం.

3. తట్టి వినండి

ఎక్కువమంది చేసేది ఈ పరీక్షే, ఎక్కువమంది తప్పుగా చేసేది కూడా ఇదే. కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో, గ్రిప్ చివరను రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని ప్యాడిల్‌ను వేలాడదీయండి. గట్టిగా పట్టుకుంటే చెయ్యే శబ్దాన్ని మింగేస్తుంది. ఫేస్‌ను మనసులో అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లుగా విభజించుకోండి. ఒక్కో గడిలో నాణెం అంచుతో మెల్లగా మూడుసార్లు తట్టండి. ఫోన్‌ను ప్రతిసారీ ఒకే దూరంలో పెట్టి రికార్డు చేయండి. ఏ గడి తడుతున్నారో నోటితో చెప్తూ వెళ్తే తర్వాత వినేటప్పుడు గందరగోళం ఉండదు.

ఏం వినాలి? టైల్ కింద సిమెంటు లేనిచోట గుల్లగా మోగుతుంది కదా, అలాంటి శబ్దం కోసం చూడండి. ఫేస్ ఊడినచోట శబ్దం చదునుగా, గుల్లగా మారుతుంది, లేదా సన్నటి జర్రుమనే మోత తోడవుతుంది.

హనీకోంబ్ ప్యాడిల్స్‌తో అలవాటైన చెవి ఫోమ్ దగ్గర మోసపోతుంది. ఫోమ్ ప్యాడిల్ మొత్తంగానే మందంగా మోగుతుంది. పాత ప్యాడిల్ ‘టక్’ అనేది, ఇది ‘థప్’ అంటోంది కాబట్టి పోయిందనుకోవద్దు. అలాగే మధ్య నుంచి అంచుకు వెళ్లేకొద్దీ ఒకచోట శబ్దం ఉన్నట్టుండి మారుతుంది. అక్కడ ఈపీపీ అయిపోయి ఈవీఏ పట్టీ మొదలవుతుంది, అంతే. ఆ మార్పు కుడివైపు ఎంత దూరంలో వస్తే ఎడమవైపూ అంతే దూరంలో రావాలి. ఒకవైపు మాత్రమే ఆ గీత జరిగినట్టు అనిపిస్తే అప్పుడు అనుమానించండి.

ఇంకో పొరపాటు నేను చేసిందే. ఒక ప్యాడిల్ పైఅంచు దగ్గర జర్రుమంటుంటే డీలామినేషన్ అని తీర్మానించి, ఆడడం ఆపేసి రెండు వారాలు పక్కన పెట్టాను. తీరా చూస్తే ఊడింది ఎడ్జ్ గార్డ్, అంటే ప్యాడిల్ అంచు చుట్టూ ఉండే రక్షణ పట్టీ. దాన్ని వేళ్లతో గట్టిగా నొక్కి పట్టి తట్టగానే మోత ఆగిపోయింది. అప్పటినుంచి ఏ మోత విన్నా ముందు ఎడ్జ్ గార్డ్ నొక్కి చూస్తాను. మీరూ అదే చేయండి. గార్డ్‌దే తప్పయితే దాని మీద అంచు టేపు వేస్తే సరిపోతుంది.

4. బొటనవేళ్లతో నొక్కండి, టార్చ్ వేసి చూడండి

ప్యాడిల్‌ను రెండు చేతులతో పక్కలు పట్టుకుని, బొటనవేళ్లు రెండూ పక్కపక్కన ఫేస్ మీద పెట్టి ఓ మాదిరిగా నొక్కండి. మంచి ప్యాడిల్‌లో కిందంతా ఒకే గట్టిదనం తగులుతుంది. ఫేస్ ఊడినచోట పై పొర మాత్రం విడిగా కదిలినట్టు, రేకు డబ్బా మూత నొక్కినట్టు ‘టిక్’ మంటుంది. వదిలినప్పుడు ఇంకోసారి అంటుంది. సన్నగా చిటపట వినిపించినా మంచిది కాదు. ఒంటి బరువంతా వేసి నొక్కొద్దు, మోకాలు ఆనించొద్దు. బాగున్న జిగురును పరీక్ష పేరుతో ఊడదీసినట్టవుతుంది.

తర్వాత స్టీలు స్కేలు అంచును ఫేస్ మీద నిలబెట్టి, వెనకనుంచి టార్చ్ వేయండి. స్కేలు కింద వెలుతురు ఎక్కడ కారుతోందో చూడండి. మధ్యలో వెలుతురు వస్తే అక్కడ గుంట. స్కేలు మధ్యలో ఆని, రెండు చివర్లా లేస్తుంటే ఫేస్ ఉబ్బింది. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా తిప్పి చూడండి. గుంట కంటే ఉబ్బు పెద్ద ప్రమాదం, ఎందుకంటే పొర ఊడిందనడానికి అంతకంటే గట్టి రుజువు ఇంట్లో దొరకదు. కాలిపర్ ఉన్నవాళ్లు అంచు దాకా అందినంత మేర మందం కొలిచి, కుడి ఎడమలు పోల్చుకోండి. దాని దవడలను బిగించొద్దు.

5. చెవి దగ్గర ఊపండి, హ్యాండిల్ మెలిపెట్టండి

లోపల గింజ దొర్లినట్టు చప్పుడు వస్తే అది ఎండిన జిగురు ముక్క కావచ్చు, విరిగిన ఫోమ్ ముక్క కావచ్చు. కొత్తప్పటి నుంచి ఉంటే చికాకే తప్ప ప్రమాదం తక్కువ. మధ్యలో మొదలైతే మాత్రం రాసిపెట్టుకుని మిగతా పరీక్షలు జాగ్రత్తగా చేయండి.

హ్యాండిల్ ఫేస్‌తో కలిసే మెడ దగ్గర సన్నటి గీతలు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. ఒక చేత్తో ఫేస్, ఇంకో చేత్తో గ్రిప్ పట్టుకుని మెల్లగా మెలిపెడితే కిర్రుమనకూడదు. పెయింటు మీది గీతకూ పగులుకూ తేడా గోటికి తెలుస్తుంది. గోరు తట్టుకుంటే, మెలిపెట్టినప్పుడు గీత వెడల్పు మారితే అది పగులే. అలాంటిదానితో ఆడొద్దు. స్మాష్ మధ్యలో ప్యాడిల్ తల విరిగి ఎగిరితే ఎదుటివాళ్లకు తగులుతుంది.

6. బంతి వదిలి చూడండి

ప్యాడిల్‌ను నేల మీద పరిచి బంతి వదిలేవాళ్లే ఎక్కువ. అది పనికిరాదు. గ్రిప్ లావుగా ఉంటుంది కాబట్టి ప్యాడిల్ వాలిపోతుంది. కదలని బరువైన బల్ల మీద ఫేస్ మాత్రం ఉంచి, గ్రిప్‌ను బల్ల అంచు దాటి బయటికి రానివ్వండి. ఎడ్జ్ గార్డ్ వల్ల ఫేస్ కింద సన్నటి సందు మిగులుతుంది. ఆ మందానికి సరిపడా కాగితాలు పేర్చి, గార్డ్ లోపలివైపు పట్టేలా కత్తిరించి కింద పెట్టండి.

వెనక గోడకు స్కేలు గుర్తులు అంటించి, సరిగ్గా 1 మీటరు ఎత్తు నుంచి బంతిని తోయకుండా వదలండి. స్లో మోషన్‌లో వీడియో తీయండి. ఫోన్ బంతి తిరిగి లేచే ఎత్తుకు సమానంగా ఉండాలి, పైనుంచి తీస్తే ఎత్తు తప్పుగా కనబడుతుంది. ఒక్కో గడిలో ఐదేసిసార్లు వదిలి, ఐదింటిలో నడిమి అంకె రాసుకోండి.

ఒకే గడిలో ఐదు అంకెల మధ్య ఎంత తేడా ఉందో చూడండి, అది మీ చేతి తప్పు. కుడి గడికీ ఎడమ గడికీ మధ్య తేడా దానికంటే స్పష్టంగా పెద్దదైతేనే లెక్కలోకి తీసుకోండి. మధ్య గడికీ అంచు గడికీ తేడా ఉండడం సహజం.

ఈ పరీక్ష పరిధి కూడా తెలుసుకోండి. ఇది ప్యాడిల్‌లో చోటుకూ చోటుకూ ఉన్న తేడా, నిన్నటికీ నేటికీ ఉన్న తేడా చూపిస్తుంది. టోర్నమెంట్ నియమాలకు లోబడి ఉందో లేదో చెప్పదు. అమెరికాలో ఈ ఆటను నడిపే సంస్థ యూఎస్‌ఏ పికిల్‌బాల్ వాడే పీబీకార్ పరీక్షలో బంతిని యంత్రంతో వేగంగా కొట్టి, అది తిరిగివచ్చే వేగాన్ని కొలుస్తారు. 1 మీటరు నుంచి జారవిడిచిన బంతికి అంత వేగం ఎక్కడిది? చిన్న డీలామినేషన్ ఈ పరీక్షలో దొరక్కపోవచ్చు కూడా. అందుకే 3, 4వ మెట్లను వదిలేసి దీన్ని మాత్రమే నమ్ముకోవద్దు.

7. గ్రిట్ సంగతి చూడండి

‘స్పిన్ పడట్లేదు, కోర్ పోయినట్టుంది’ అని వచ్చే ప్యాడిల్స్‌లో చాలావాటికి కోర్ నిక్షేపంగా ఉంటుంది. స్పిన్‌కు సంబంధించింది ముఖ్యంగా ఫేస్ గరుకుదనం. అందులోనూ తొందరపడొద్దు. బంతి ప్లాస్టిక్ పొడి ఆ గరుకు సందుల్లో పేరుకుంటే బాగున్న ఫేస్ కూడా నున్నగా తగులుతుంది. కాబట్టి ముందు శుభ్రం చేయండి. పొడి ఫేస్ మీద రబ్బరు దిమ్మను మెల్లగా గుండ్రంగా రుద్ది, రాలిన పొడిని కాస్త తడిపి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి.

ఇప్పుడు మెత్తటి గుడ్డను ఒక వేలి కింద పెట్టి, హ్యాండిల్ పక్కన ఫేస్ కింది మూలల నుంచి మధ్యలోకి లాగండి. ఆ మూలల్లో బంతి దాదాపు తగలదు, అంటే మీ కొత్త ఫేస్ నమూనా ఇప్పటికీ ప్యాడిల్ మీదే ఉంది. మూలలో గుడ్డ పట్టుకుని, మధ్యలో జారిపోతే గ్రిట్ అరిగినట్టే.

అరిగిన గ్రిట్ తిరిగి రాదు. శాండ్‌పేపర్‌తో గరుకు చేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. పై పొరలోని ఫైబర్లు తెగుతాయి, ప్యాడిల్ నియమాలకు విరుద్ధమవుతుంది, వారంటీ పోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ లాంటివి కూడా తగలనివ్వొద్దు. డింక్‌లు (నెట్ దాటించే మెత్తటి షాట్లు), బ్లాక్‌లు (వేగంగా వచ్చే బంతిని అడ్డుకునే షాట్లు) ఎక్కువగా ఆడేవాళ్లకు గ్రిట్ అరిగిన ప్యాడిల్ ఇంకా చాలాకాలం పనికొస్తుంది. టాప్‌స్పిన్ మీద ఆధారపడేవాళ్లకు మాత్రం మార్చక తప్పదు.

పరీక్షను తప్పుదారి పట్టించేవి

వాతావరణం. చలిలో ఫోమ్ బిగుస్తుంది, బంతి కూడా గట్టిపడుతుంది. ఎండలో రెండూ మెత్తబడతాయి. ఎప్పుడు పరీక్షించినా ప్యాడిల్‌ను, బంతిని ఒక గంటసేపు గదిలో ఉంచి అప్పుడు మొదలుపెట్టండి.

పాత బంతి. మెత్తబడిన, గుండ్రం పోయిన, సన్నటి పగులు ఉన్న బంతితో ఆడితే ఏ ప్యాడిలైనా చచ్చినట్టే అనిపిస్తుంది. ఆటలో తేడా తెలిసిన రోజున ముందు బంతి మార్చి చూడండి.

బరువు. చెమట పీల్చిన ఓవర్‌గ్రిప్, అంచుకు చుట్టిన లెడ్ టేపు ప్యాడిల్ తీరునే మార్చేస్తాయి. టేపును ఫేస్ మీద కాకుండా ఎడ్జ్ గార్డ్ మీదే వేయండి, ఫేస్ మీద వేసి పీకితే గ్రిట్ కూడా ఊడొస్తుంది.

త్వరగా పాడుచేసే అలవాట్లు

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది వేడి. ఎండలో నిలిపి ఉంచిన, అద్దాలు మూసిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. ఆ వేడికి ఈవీఏ మెత్తబడుతుంది, జిగురు అతుకులు బలహీనపడతాయి. ఒక్క మధ్యాహ్నంతో పోకపోవచ్చు కానీ, రోజూ అలా వదిలేస్తే ఫోమ్ కోర్ కొన్న లాభం ఏమీ మిగలదు. ప్యాడిల్‌ను మీతోపాటు లోపలికి తీసుకెళ్లండి.

పాయింట్ గెలవగానే భాగస్వామి ప్యాడిల్‌తో గట్టిగా తట్టుకోవడం, విసుగొచ్చి అంచును నేలకు కొట్టడం, బంతిని ప్యాడిల్ అంచుతో గీకి తీయడం, ఈ మూడూ ఫేస్ అంచు అతుకునే దెబ్బతీస్తాయి. అభినందనకు గ్రిప్ చివరలు తాకించుకుంటే చాలు.

ఎంత తరచుగా చేయాలి, ఏం తేలితే ఏం చేయాలి

వారానికి మూడు నాలుగు రోజులు ఆడేవాళ్లు నెలకోసారి 3, 4వ మెట్లు చేస్తే చాలు, పది నిమిషాల పని. మొత్తం పరీక్ష మూడు నెలలకోసారి, లేదా ప్యాడిల్ గట్టిగా దేనికైనా తగిలినప్పుడు.

పవర్ కొంచెం కొంచెంగా తగ్గి, శబ్దం అన్ని గళ్లలో ఒకేలా ఉంటే ఫోమ్ మెల్లగా సడలుతోంది. ఆడుకోవచ్చు. కుదురుకునే దశ దాటి నెలలయ్యాక ఒక్కసారిగా పవర్ పెరిగితే సంతోషించొద్దు, పొర ఊడుతున్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. తట్టినప్పుడు గుల్ల శబ్దం, నొక్కినప్పుడు ‘టిక్’, స్కేలు కింద ఉబ్బు, ఈ మూడింట్లో రెండు ఒకేచోట కనిపిస్తే డీలామినేషన్ అనే అనుకోండి. డీలామినేట్ అయిన ప్యాడిల్‌ను యూఎస్‌ఏ పికిల్‌బాల్ నియమాలు అనుమతించవు. స్నేహితుల మధ్య ఆటలోనూ వాడొద్దు. కిచెన్ గీత (నెట్‌కు దగ్గరగా ఉండే గీత) దగ్గర ఎదురెదురుగా నిలబడినప్పుడు మధ్య దూరం 14 అడుగులే. అంచనాకు మించిన వేగంతో వచ్చే బంతికి కన్ను కాచుకునే సమయం ఎదుటివాళ్లకు ఉండదు.

వారంటీ అడగాలంటే జిగురు పోసి బాగుచేయాలని ప్రయత్నించకముందే అడగండి. సీరియల్ నంబర్ ఫోటో, కొన్న రసీదు, బాగున్న గడినీ పాడైన గడినీ వెంటవెంటనే తట్టిన వీడియో, స్కేలు కింద వెలుతురు కనబడే ఫోటో, 2వ మెట్టులో రాసుకున్న అంకెలు అన్నీ ఒకే మెయిల్‌లో పంపండి. ‘ఆడుతుంటే తేడాగా ఉంది’ అని మాత్రమే రాస్తే తిరిగి ప్రశ్నలే వస్తాయి. వీడియోలో రెండు శబ్దాలూ పక్కపక్కనే వినిపిస్తే అవతలివాళ్లు అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.